ఆర్థిక సదస్సు నుంచి పిలుపొస్తే, మీ పేరు ఏ పద్దులో ఉందో ముందు అడగండి

పిలుపు దాదాపు ఎప్పుడూ ఇలాగే వస్తుంది: "రెండో రోజు రాత్రి డిన్నర్ ఉంది. మీరొక పదిహేను నిమిషాలు ఏదైనా చేస్తే బాగుంటుంది." ఆ "ఏదైనా" దగ్గర కాస్త ఆగండి.

పంతొమ్మిదేళ్ళుగా నేను వేదిక వెనక మనిషిని. మొదట లైట్లు చూశాను, తర్వాత స్టేజ్ మేనేజరునయ్యాను. ఇప్పుడు బ్యాంకుల అధిపతులు, మంత్రులు, కంపెనీ పెద్దలు కూడే సదస్సుల్లో సాంస్కృతిక కార్యక్రమాలు కుదిర్చిపెడుతుంటాను. వయొలిన్ వాళ్ళు, నర్తకులు, ఫొటోగ్రాఫర్లు, నాటకం వాళ్ళు, ఎంతోమందిని ఆ హాళ్ళలోకి తీసుకెళ్ళాను. కొందరి తర్వాత ఆ గదిలో మాటల తీరే మారింది. చాలామంది తర్వాత మారినవి బల్లమీది ప్లేట్లు మాత్రమే. ఇద్దరిలోనూ ప్రతిభ ఉంది. ఏ గంటకు, ఏ గదిలో, ఏ హోదాలో నిలబెట్టారన్నదే తేడా. దాన్ని ఒప్పుకునే ముందే తేల్చుకోవాలి, వేదిక ఎక్కాక తేలదు.

మొదటి ఫోన్‌లోనే అడగాల్సింది

పారితోషికం ఎంత అని తర్వాత అడుగుదురుగాని. ముందు "నాకిచ్చే డబ్బు ఏ పద్దు కింద వస్తోంది?" అని అడగండి. అవతలి వాళ్ళు కాస్త తడబడతారు, ఫరవాలేదు. సదస్సుల బడ్జెట్‌లో ఆతిథ్యం ఒక పద్దు, కార్యక్రమం మరో పద్దు. మీరు ఆతిథ్యం కింద ఉంటే పూలు, వంట, బల్లలు చూసుకునే మనిషే మీ పనీ చూస్తాడు. వడ్డన ఆలస్యమైతే కోత పడేది మీ సమయానికే. కార్యక్రమం కింద ఉంటే వక్తలను చూసుకునే మనిషి మీతో మాట్లాడతాడు, ముద్రించిన ఎజెండాలో మీ పేరుంటుంది, చర్చ నడిపే మోడరేటర్ మీ గురించి చదువుకొని వస్తాడు. అదే డబ్బు, అదే పాట, అదే మీరు. ఈ ఒక్క మార్పు కోసం పారితోషికంలో కొంత వదులుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు తెలివైనవాళ్ళు.

పద్దుల భాషలో మాట్లాడటం చిన్నతనం అనుకోకండి. 1918 మార్చిలో పారిస్‌లో చిత్రకారుడు దెగా సేకరణను వేలం వేశారు. బ్రిటన్ ట్రెజరీలో (ఆర్థిక శాఖలో) పనిచేస్తున్న ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ మిత్రదేశాల ఆర్థిక చర్చలకని సరిగ్గా అప్పుడే పారిస్ వెళ్ళాడు. యుద్ధం నడుస్తోంది, నగరం మీద జర్మన్ ఫిరంగులు గుండ్లు కురిపిస్తున్నాయి. అలాంటి సమయంలో బొమ్మలు కొనడానికి ప్రభుత్వం డబ్బివ్వాలని అడగడమంటే మాటలా? కీన్స్ కళ గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఫ్రాన్స్‌కు మనం ఎలాగూ అప్పులిస్తున్నాం, ఆ లెక్కల్లోనే ఇదీ సర్దుకుంటుంది అన్నట్టు వాదించాడు. లండన్ నేషనల్ గ్యాలరీ కోసం 5,50,000 ఫ్రాంకులు మంజూరయ్యాయి. తన సొంతానికి ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ గీసిన చిన్న ఆపిల్ పళ్ళ చిత్రం ఒకటి కొనుక్కున్నాడు. ఇంగ్లండ్ తిరిగొచ్చి ససెక్స్‌లో మిత్రుల ఇంటికి వెళ్తుంటే కారు ఇంటిదాకా పోలేకపోయింది. సామాను మోయలేక ఆ సెజాన్‌ను దారి పక్క కంచె పొదలో దాచి నడిచి వెళ్ళాడు. తర్వాత మనిషి వెళ్ళి తెచ్చాడనుకోండి. ఆ కంచె సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది, సామాను రవాణా చూసే మనిషిని కదా.

ఎందుకు పిలిచారో పసిగట్టడం

పిలిచేవాళ్ళకు మన దగ్గర కావాల్సింది వినోదమైనా కావచ్చు, పరువైనా కావచ్చు. ఎప్పుడో ఒకసారి, వాళ్ళ చర్చకు అందని విషయమేదో మన దగ్గరుందని కూడా పిలుస్తారు. పైకి మూడూ ఒకే ఉత్తరంలా ఉంటాయి.

స్విట్జర్లాండ్‌లోని దావోస్ సదస్సు సంగతి చూడండి. 1971లో క్లాస్ ష్వాబ్ యూరోపియన్ మేనేజ్‌మెంట్ ఫోరమ్ అన్న పేరుతో మొదలుపెట్టిన సంస్థ, 1987 నుంచి వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్. అక్కడ కళాకారులకు క్రిస్టల్ అవార్డు ఇస్తారు. 2018లో కేట్ బ్లాంచెట్, ఎల్టన్ జాన్, షారుఖ్ ఖాన్. 2020లో దీపికా పదుకొణెతో పాటు థియాస్టర్ గేట్స్, లినెట్ వాల్‌వర్త్, జిన్ షింగ్. ఈ పేర్ల పక్కన ఏం రాశారో చూస్తే నియమం అర్థమవుతుంది. బ్లాంచెట్ పేరు పక్కన శరణార్థులు, ఎల్టన్ జాన్ పేరు పక్కన ఎయిడ్స్, షారుఖ్ పేరు పక్కన యాసిడ్ దాడి బాధిత మహిళలు, దీపిక పేరు పక్కన మానసిక ఆరోగ్యం. అంటే కళ ఒక్కటే చాలదు, దాని పక్కన ఒక పని ఉండాలి. మీకు అలాంటి పని నిజంగా ఉంటే ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా సిద్ధంగా పెట్టుకోండి, ఎందుకంటే బయోడేటాలో వాళ్ళు చదివేది ఆ వాక్యమే. లేకపోతే మాత్రం సదస్సు కోసం ఒకటి పుట్టించకండి. అక్కడికొచ్చే వాళ్ళలో సగంమంది ఆ పనే ఉద్యోగంగా చేస్తున్నవాళ్ళు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

అవార్డు పరువు కిందికొస్తుంది. అదే, పై జాబితాలోని ఆస్ట్రేలియా చిత్రకర్త వాల్‌వర్త్ 2016లో దావోస్‌కు తెచ్చిన 'కొలిజన్స్' చర్చకు పనికొచ్చేది. అది వర్చువల్ రియాలిటీ చిత్రం. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలోని మార్తు తెగ పెద్దాయన న్యారి న్యారి మోర్గన్, బయటి ప్రపంచంతో ఇంకా పరిచయం లేని వయసులో అణుపరీక్ష పేలుడును కళ్ళారా చూసిన కథ. టెక్నాలజీ మీద నిర్ణయాలు తీసుకునేవాళ్ళకు ఆ కథ కావాలి, నిజమే. కానీ నా వృత్తి కంటితో చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది: ముఖానికి హెడ్‌సెట్ తగిలించుకున్న మనిషి ఫోన్ చూసుకోలేడు, పక్కవాడితో గుసగుసలాడలేడు, సగంలో లేచి మీటింగుకని పోలేడు. ఆ గుంపు దగ్గర అంతకంటే అరుదైనది లేదు. మీ కళారూపం ఏదైనా సరే, ఈ ప్రశ్న వేసుకోండి: నా ముందున్న మనిషి చేతులు, కళ్ళు ఆ కాసేపు ఎక్కడుంటాయి?

గంట, గది

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే చెడేదంతా ఇక్కడే చెడుతుంది.

ఒకసారి ఒక వయొలినిస్టును విందులో పెట్టాం. పేరు చెప్పను, సదస్సు పేరూ చెప్పను. నెమ్మదిగా సాగే భాగం మొదలుపెట్టిందామె, ఇరవై సెకన్లలో మొదటి వడ్డన ప్లేట్లు తీయడం మొదలైంది. మూడు వందల ఫోర్కులు ప్లేట్ల మీద పడే చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? వాన లాగా ఉంటుంది, కాకపోతే ఇనుప వాన. ఆమె ఆపలేదు. వాయిస్తూనే నా వైపు చూసింది. ఆ చూపు వల్లే నా పని పద్ధతి మారింది.

అప్పటినుంచి విందు మధ్యలో పెడతానంటే ఒప్పుకోను. మరీ తప్పకపోతే, వడ్డన మొదలుకాక ముందు, హాలు తలుపులు మూసి, అందరూ కూర్చున్న మొదటి ఎనిమిది నిమిషాలు అడుగుతాను. "ఆ సమయంలో ఎవరూ ట్రే పట్టుకొని నడవరు" అని రన్ షీట్‌లో, అంటే నిమిషాలవారీ కార్యక్రమ పట్టికలో, రాయిస్తాను. నోటిమాటగా చెబితే మేనేజరు మారగానే ఆ మాటా పోతుంది.

అన్నిటికంటే మంచి సమయం పొద్దున్నే, అందరూ కూర్చునే ప్లీనరీ సమావేశంలో మొదటి వక్త కంటే ముందు. జనం నిద్రమత్తులో ఉంటారని నిర్వాహకులు భయపడతారు. నేను చూసినంతవరకు ఆ రోజు మొత్తంలో వాళ్ళు తేరుకొని ఉండేది అప్పుడే. రాత్రి నలభై నిమిషాలు ఇస్తామన్నా వద్దని, పొద్దున ఏడు నిమిషాలు తీసుకోండి. ఇంకా మంచిది, ఒక చర్చకు సరిగ్గా ముందు. మీరు వలస మీద పాడితే తర్వాతి చర్చ వలస మీద ఉండాలి, మీరు దిగాక మోడరేటర్ మొదటి ప్రశ్న మీరు చేసినదాన్నుంచి ఎత్తుకోవాలి. ఆ ప్రశ్న ఏమిటో ముందురోజు మోడరేటర్‌తో కూర్చొని మాట్లాడుకోండి. పది నిమిషాల పని, దాదాపు ఎవరూ చెయ్యరు.

ఇక గది. సదస్సు హాళ్ళు మాటల కోసం కట్టినవి. నేలంతా తివాచీ, గోడలకు గుడ్డ, పైన ఏసీ హోరు. సౌండ్ చెక్‌లో అన్నీ ఆపించి ఏసీ ఒక్కటే వినండి. అది ఒక స్థాయిలో గుయ్‌మంటూ ఉంటుంది, మీ శ్రుతి దానికి దగ్గరగా ఉంటే మీరే అపశ్రుతిలో ఉన్నట్టు వినబడుతుంది. మీ కార్యక్రమం సేపు బ్లోయర్ తగ్గించమని అడగండి, తగ్గిస్తారు. వెనక ఎల్‌ఈడీ వాల్ మీద స్పాన్సర్ల లోగోలు తిరుగుతుంటాయి. ఆ నిమిషాలకు పూర్తి నలుపు కావాలని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ వాల్ నీలి వెలుగులో మనిషి ముఖం శవంలా కనబడుతుంది, నాది లైట్ల చెయ్యి కాబట్టి చెబుతున్నా. వేదిక అంచున వక్తల కోసం పెట్టిన గడియారం తెరను కూడా కట్టేయించండి. లేదంటే విషాద ఘట్టంలో ఎర్ర అంకెలు మీ మొహాన మిణుకుమిణుకుమంటాయి.

అనువాదకుల గదులను మర్చిపోవద్దు. మాట ఉన్న ప్రదర్శన అయితే పాఠం వారం పది రోజుల ముందే వాళ్ళకు పంపండి. పాట అయితే అనువదించవద్దని, "ఇప్పుడు పాట, హెడ్‌ఫోన్లు తీసేయొచ్చు" అని ఒక్క ముక్క చెప్పమని కోరండి. ఇంకో చిక్కుంది: తీసి బల్లమీద పెట్టిన హెడ్‌ఫోన్లన్నీ సన్నగా బుసకొడతాయి. అందుకే ఆ ఛానెల్‌ను ఆ కాసేపు మూయించాలి. దీన్ని కనిపెట్టడానికి నాకు నాలుగు కార్యక్రమాలు పట్టింది.

సామాను, గేటు

పెద్ద నాయకులొచ్చే చోట భద్రత తనిఖీ విమానాశ్రయం కంటే గట్టిగా ఉంటుంది. తెచ్చే ప్రతి వస్తువు జాబితా, పెట్టెల కొలతలు, యంత్రాలకు సీరియల్ నంబర్లు ముందే పంపండి. ఓబో అనే ఊదే వాద్యం వాయించే ఒకాయన, దాని నోటి దగ్గరి రెల్లు ముక్క (రీడ్) చెక్కుకునే చిన్న కత్తిని గేటు దగ్గర లాగేసుకున్నారు, ఆయన రాత్రంతా ఉన్న రీడ్‌తోనే సరిపెట్టుకున్నాడు. మేకప్ జిగురు, బ్లేడు, రజను పొడి, అన్నీ జాబితాలో ఉండాలి.

దేశం దాటి చిత్రాలు, పరికరాలు తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకునేట్టయితే ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం చేయించుకోండి, సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకుపోవచ్చు. పాత వాద్యంలోనో కమానులోనో దంతం గానీ, బ్రెజిల్ రోజ్‌వుడ్ గానీ ఉంటే సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల, మొక్కల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం లేకుండా బయలుదేరకండి. దావోస్ సముద్రమట్టానికి సుమారు 1,560 మీటర్ల ఎత్తు, సదస్సు జనవరిలో. బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్ల పొడిగాలి. చెక్క వాద్యాన్ని పెట్టెతో సహా కొన్ని గంటలు లోపల ఉంచి, అప్పుడు తెరవండి. పెట్టెలో తేమ పొట్లం వేసుకోండి.

ఏం చెయ్యాలి

అది మీ ఇష్టం, నేను చెప్పేది కాదు. ఒక్క మాట మాత్రం: "ప్రపంచ ఐక్యత" లాంటి అంశం ఇస్తే వద్దనండి. వాళ్ళు రోజంతా ఆ స్థాయి మాటలే వింటారు. మీ దగ్గర ఉండాల్సింది ఒక మనిషి, ఒక ఊరు, ఒక వస్తువు. పారిస్ వాతావరణ సదస్సు జరిగిన 2015 డిసెంబరులో కళాకారుడు ఒలాఫుర్ ఎలియాసన్ గ్రీన్‌లాండ్ నుంచి 12 మంచు దిమ్మలు తెప్పించి అక్కడి పాంథియన్ కట్టడం ముందు గడియారం ఆకారంలో పేర్చాడు. జనం వాటిని ముట్టుకున్నారు, అవి కరిగిపోయాయి. అంతే.

2017 జులైలో హాంబర్గ్‌లో జీ20 జరిగినప్పుడు నాయకుల కోసం ఎల్బ్ఫిల్‌హార్మొనీ సంగీత భవనంలో కండక్టర్ కెంట్ నగానో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ నడిపించాడు. బయట వీధుల్లో నిరసనలు. రెండు రోజుల ముందు అదే ఊళ్ళో బూడిదరంగు మట్టి పూసుకున్న వందలమంది మాట్లాడకుండా, నెమ్మదిగా, ప్రాణంలేని బొమ్మల్లా నడిచారు. '1000 గెష్టాల్టెన్' అని దాని పేరు. సింఫనీ గొప్పదే, ఎవరు కాదంటారు? కానీ ఆ వారం గురించి తలిస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మట్టి మనుషులే. వాళ్ళను ఎవరూ పిలవలేదు కూడా. పిలుపు అందుకోవడం ఒక దారి, గేటు బయట చేయడం ఇంకో దారి. మీ పనికి ఏది సరిపోతుందో నిజాయితీగా చూసుకోండి. మధ్యదారీ ఉంది: దావోస్‌లో సదస్సు పక్కనే 2003 నుంచి ఓపెన్ ఫోరమ్ నడుస్తోంది, మామూలు జనం కూడా వచ్చి వినొచ్చు. అలాంటి పక్క వేదిక ఉంటే అక్కడ కూడా ఒకసారి చేస్తానని అడగండి.

చర్చలను అప్పటికప్పుడు బొమ్మలుగా గీసే పని మీదైతే ఒక హెచ్చరిక. చాలా సెషన్లు లండన్ చాథమ్ హౌస్ సంస్థ పెట్టిన నియమం కింద జరుగుతాయి. 1927 నాటి ఆ నియమం ప్రకారం విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో బయటపెట్టకూడదు. గుర్తుపట్టేలా ముఖం గీసి పక్కన ఆ మాట రాశారంటే నియమం తప్పినట్టే. చేతులు గీయండి, కుర్చీలు గీయండి, ముఖాలు వద్దు.

స్పాన్సర్ వేలు పెడితే

పెడతాడు. ఒక ఫొటోగ్రాఫర్ నది కాలుష్యం మీద ఇరవై చిత్రాలు పెట్టాడు. ముందు రోజు సాయంత్రం రెండు చిత్రాల కింది వ్యాఖ్యలు తీసేయమన్నారు, స్పాన్సర్‌కు ఇబ్బందట. నేను గొడవకు సిద్ధమయ్యాను. ఆయన మాత్రం సరేనని, ఆ రెండు కార్డులు తీసి అదే కొలతలో తెల్ల కార్డులు అంటించాడు. మర్నాడు పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళంతా ఇరవై చిత్రాలూ వదిలేసి ఆ రెండింటి దగ్గరే గుమిగూడారు: "ఇవి ఖాళీగా ఉన్నాయేం?" మధ్యాహ్నానికి నిర్వాహకులే వచ్చి పాత కార్డులు పెట్టేయమన్నారు. ఆ రాత్రి ఆయనకు గొంతునొప్పి పట్టుకుంది, ఆ రెండు కథలూ ఎంతమందికి చెప్పాడో మరి.

అందరికీ అంత సమయస్ఫూర్తి ఉండదు కాబట్టి ఒప్పందంలోనే రాయించండి: ఒప్పుకున్న పాఠంలో, చిత్రాల్లో, వ్యాఖ్యల్లో మీ అనుమతి లేకుండా మార్పు ఉండకూడదు. రికార్డింగ్ ఎవరిది, ఎక్కడ వాడతారు, ఎంతకాలం, కంపెనీ ప్రకటనలో వాడతారా అన్నవి విడివిడిగా రాసుండాలి. డబ్బు విషయం ఒక్క ముక్కలో: "మంచి గుర్తింపు వస్తుంది" అంటే, పూలవాడికి కూడా గుర్తింపే ఇస్తున్నారా అని నవ్వుతూ అడగండి.

దిగాక

చప్పట్లు అయ్యాక గదికి వెళ్ళిపోకండి. వేదిక పక్కన, కాఫీ దగ్గర కాకుండా కొంచెం నిశ్శబ్దంగా ఉన్న చోట ముప్పావుగంట నిలబడండి. పెద్ద పేర్లవాళ్ళు మీ దగ్గరికి రారు, వచ్చేది వాళ్ళ సలహాదారులు, ప్రసంగాలు రాసేవాళ్ళు. వాళ్ళతోనే మాట్లాడండి. మీ పాటలోని ఊరు పేరు ఎలా రాయాలని ఎవరైనా అడిగితే, అది ఎక్కడో ఒక ప్రసంగంలోకి చేరుతోందన్నమాట. ఓపిగ్గా అక్షరం అక్షరం చెప్పండి.

మూడు రోజుల్లో కార్యక్రమ పద్దు చూసే మనిషికి మెయిల్ పెట్టండి. కృతజ్ఞత ఒక్క వాక్యం చాలు. తర్వాత, వచ్చే ఏడాది సెషన్ల ప్రణాళిక ఏ నెలలో మొదలవుతుంది, ఎవరు చూస్తారు అని అడగండి. నేను పనిచేసిన చోట్ల అది సదస్సు ముగిసిన రెండు మూడు నెలలకే మొదలయ్యేది. అప్పటికింకా విందుకు ఏ హోటలో కూడా తేలదు.